వంటగట్టు మీద ఏది ఉంచాలి, ఏది తీయాలి

వంటగట్టు మీద ఏ వస్తువులు ఉండాలో తేల్చుకోదలచినవారు ముందుగా టేపు తీసుకొని గట్టును కొలవాలి. విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా, ఇటు గాజువాక వైపు కూడా, మామూలు రెండు పడకగదుల ఫ్లాట్లలో గట్టు రెండడుగుల వెడల్పుతో, ఎనిమిది నుంచి పదడుగుల పొడవుతో ఉండడం పరిపాటి. తొమ్మిదడుగుల గట్టునే లెక్కకు తీసుకుందాం. పొయ్యికి రెండున్నర అడుగులు, సింకుకు రెండడుగులు పోతే మిగిలేది నాలుగున్నర అడుగులు. అందులో మిక్సీ ఒక అడుగు, గిన్నెల బుట్ట ఒకటిన్నర అడుగు, మంచినీళ్ళ బిందె మరొక అడుగు తీసుకుంటే, కూర తరగడానికీ, చపాతీ ఒత్తడానికీ, దించిన కుక్కరు పెట్టడానికీ కలిపి చివరికి దక్కేది ఒక్క అడుగు. చాలా ఇళ్ళలో ఆ అడుగు మీద కూడా బిస్కట్ల డబ్బా, మందుల కవరు, కరెంటు బిల్లు చేరి ఉంటాయి. గట్టు ఇంత పొడుగున ఉండి కూడా వంట చేసేవారు ఉల్లిపాయలు పళ్ళెంలో వేసుకొని హాల్లోకి వెళ్ళి తరుగుకోవడానికి కారణం ఇదే.

గట్టు మీద పెట్టే ప్రతి వస్తువూ పనిచేసే చోటులోంచి కొంత తీసుకొనే కూర్చుంటుంది. పొయ్యికీ సింకుకూ మధ్య కనీసం రెండడుగుల చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండాలన్నది నా నిశ్చితమైన అభిప్రాయం. ఒక సుద్దముక్క తీసుకొని ఆ రెండడుగులకూ అటూ ఇటూ గ్రానైట్ మీద గీతలు గీయండి. వంట జరుగుతున్నంతసేపు తప్ప ఆ గీతల మధ్య ఏదీ ఉండకూడదు. వస్తువుల సంగతి ఆ గీతల బయట మిగిలిన చోటును చూసుకొనే ఆలోచించాలి. వస్తువులన్నీ సర్దగా మిగిలిన చోటులో పని చేసుకుందామనుకుంటే ఆ చోటు ఎప్పటికీ మిగలదు.

మన అమ్మమ్మల కాలంలో ఈ చిక్కు లేదు. కట్టెల పొయ్యి నేల మీద, కత్తిపీట దాని పక్కన ఉండేవి. పీట వేసుకొని కూర్చున్న మనిషికి చేయి చాపితే అందినంత మేరే వంటిల్లు. వంట కాగానే నేల తుడిచి, కత్తిపీటను గోడకు చేరవేసేవారు. మల్కాపురంలో చమురు శుద్ధి కర్మాగారం 1957లో మొదలైన ఊరు మనది. ఆ తరవాతి దశాబ్దాల్లో గ్యాసు బండ ఇంటింటికీ వచ్చింది, పొయ్యి ఎప్పుడూ బండ కంటే ఎత్తులో ఉండాలి కనుక నేల మీది పొయ్యి నడుము ఎత్తుకు లేచింది. రోజూ తుడిచి ఖాళీ చేసుకునే నేల పోయి, పెట్టినది పెట్టినట్టే ఉండిపోయే గట్టు వచ్చింది. అందుకే ఈ పనికి ఇప్పుడొక పద్ధతి కావలసి వస్తోంది.

ఖాళీ చేయడంతో మొదలు

ఒక శనివారం సాయంత్రం, మర్నాటి వంటకు తొందర లేని వేళ చూసుకొని, పొయ్యి తప్ప గట్టు మీదివన్నీ తీసి హాల్లో పాత వార్తాపత్రికల మీద పెట్టండి. గోడకు బిగించిన నీటి ఫిల్టరు ఉంటే దాన్ని కదపనక్కరలేదు. తీసిన వస్తువులను లెక్కపెట్టి కాగితం మీద వరుసగా రాయండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు మా గట్టు మీద ముప్పై ఎనిమిది వస్తువులు తేలాయి. వాటిలో లైటర్లు మూడు, మూతలేని సీసాలు నాలుగు, ఎప్పుడో పిండివంటలకని తెచ్చి సగం వాడిన నూనె ప్యాకెట్టు ఒకటి ఉన్నాయి.

గట్టు ఖాళీ అయ్యాక సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అరచేయి ఆనించి ఒక చివరి నుంచి మరొక చివరికి నడిపించండి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే నల్ల గ్రానైట్ మీద జిడ్డు కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది. మిక్సీ ఉన్నచోట, నూనె సీసా ఉన్నచోట, గిన్నెల బుట్ట కాళ్ళు ఆనినచోట చేయి కాస్త పట్టి ఆగుతుంది. ఆ మచ్చలు గుర్తుపెట్టుకోండి. ఎత్తి తుడవడం ఏ వస్తువు దగ్గర జరగడం లేదో అవి చెబుతాయి.

ఆ తరవాత పది రోజుల పాటు, అవసరం వచ్చినప్పుడే ఒక్కొక్క వస్తువును హాల్లోంచి తెచ్చుకోవాలి. వాడిన ప్రతిసారీ కాగితం మీద ఆ వస్తువు పేరు పక్కన ఒక గీత పెట్టాలి. పది రోజులు ఎందుకంటే, అందులో కనీసం ఒక ఆదివారం, ఒక ఉపవాసపు శనివారం, దోసెపిండి రుబ్బే రోజు ఒకటో రెండో తప్పకుండా వస్తాయి. మూడు రోజులకే తీర్పు చెబితే వారానికొకసారి అవసరమైన వస్తువులకు అన్యాయం జరుగుతుంది. పదో రోజున పోపుల పెట్టె పక్కన ఇరవైకి పైగా గీతలు ఉంటాయి, టోస్టరు పక్కన ఒక్కటీ ఉండకపోవచ్చు.

గీతల లెక్క ఒక్కటే చాలదు. ఎక్కువ గీతలు వచ్చిన వస్తువు విషయంలో మరి రెండు సంగతులు చూడాలి. ఆవిరికీ, చెమ్మకూ, ఉప్పుగాలికీ ఆ వస్తువు తట్టుకోగలదా అన్నది ఒకటి. దాన్ని మరొకచోట పెడితే ఇంట్లో ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది రెండోది. రోజూ వాడే వస్తువైనా చెమ్మకు చెడేదైతే లోపలే ఉండాలి. తరచు వాడనిదైనా పెద్దవాళ్ళు ఎత్తలేనంత బరువుంటే బయట ఉంచవలసి రావచ్చు. చిన్న రాతి రోలు ఈ పరీక్షలన్నిటికీ నిలిచే వస్తువు. అల్లం, వెల్లుల్లి దంచడానికి రోజూ కావాలి, ఆవిరి దాన్నేమీ చేయదు, అలమరలోంచి రోజూ ఎత్తి దించాలంటే బరువు. దాన్ని నిస్సంకోచంగా గట్టు మీద, గోడ మూలకు ఉంచవచ్చు.

ఉప్పుగాలి చేసే పని

సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళవారు ఇచ్చే సలహాలు విశాఖలో అన్నీ పనిచేయవు. మేము లాసన్స్‌బే కాలనీలో ఉన్న రోజుల్లో వంటింటి కిటికీ తూర్పు వైపు తెరుచుకొనేది. వెలుతురూ గాలీ బాగా వస్తాయని ఆ కిటికీ కిందనే మిక్సీ, స్టీలు చెంచాల స్టాండు, ఉప్పు జాడీ వరుసగా పెట్టుకున్నాం. రెండో ఏడు తిరిగేసరికి మిక్సీ అడుగున ఉన్న మరలు తుప్పుపట్టి విప్పడానికి రాకుండా పోయాయి. చెంచాల కాడల మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. కిటికీ ఊచల మీద రంగు పొక్కులు పొక్కులుగా ఊడింది. గాలిలో వచ్చే ఉప్పు తుంపర లోహం మీద చేరి, చెమ్మతో కలిసి, మామూలు స్టీలును కూడా చుక్కలు చుక్కలుగా కొరుకుతుంది. సముద్రం వైపు కిటికీ ఉన్న వంటింట్లో ఆ కిటికీ కింద లోహపు వస్తువులనూ, కరెంటు వస్తువులనూ ఉంచకపోవడం మంచిది. అక్కడ చాపింగ్ బోర్డు, పింగాణీ జాడీలు, రాతి రోలు ఉంటే నష్టం లేదు. ఇనుప పెనం, ఇనుప మూకుడు ఏ దిక్కున ఉన్నా కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, నూనె చుక్క రాసి, అలమరలో పెట్టాలి.

ఉప్పు సంగతి విడిగా చెప్పాలి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. మన ఊళ్ళో ఉదయం వేళ తేమ ఆ హద్దు దాటడం చాలా మామూలు. కల్లుప్పులో ఉండే మెగ్నీషియం లవణాలు ఇంకా తొందరగా చెమ్మను లాగుతాయి, అందుకే కల్లుప్పు జాడీ అడుగున ఎప్పుడూ నీరు ఊరుతుంది. అయొడిన్ కలిపిన ఉప్పును మూత లేకుండా వేడి తగిలేచోట ఉంచితే అయొడిన్ కూడా తగ్గిపోతుంది. అయినా ఉప్పు బయట ఉండక తప్పదు, పూటకు నాలుగుసార్లు చేయి వెళ్ళేది దానిలోకే. కాబట్టి మూత బిగువుగా ఉన్న చిన్న పింగాణీ జాడీలో వారానికి సరిపడా ఉప్పు మాత్రమే పోసి, అడుగున గుప్పెడు బియ్యం వేసి, చెక్క చెంచా ఉంచి, పొయ్యికి ఒక అడుగు దూరంలో పెట్టుకోవాలి. స్టీలు డబ్బాలో స్టీలు చెంచాతో ఉప్పు ఉంచితే మూడు నెలల్లో డబ్బా అడుగు చిల్లుపడ్డట్టు గుంటలు తేలుతుంది. మిగిలిన ప్యాకెట్టును గాలి చొరని డబ్బాలో పెట్టి అలమరలో ఉంచాలి.

పోర్టుకు దగ్గరగా, వన్‌టౌన్ వైపు ఉన్న ఇళ్ళవారికి ఉప్పుగాలితో పాటు నల్లటి దుమ్ము కూడా ఒక బాధ. ఉదయం తుడిచిన గట్టు మీద సాయంత్రానికి వేలితో గీత గీయవచ్చు. అటువంటి ఇళ్ళలో మూతలేని ఏ వస్తువూ గట్టు మీద ఉండకూడదు. గరిటెల స్టాండు కూడా అక్కడ పనికిరాదు. గరిటెలు సొరుగులో బోర్లించి పెట్టుకోవడమే సరైన పద్ధతి. దుమ్ము అంతగా లేని సీతమ్మధార, మర్రిపాలెం వంటిచోట్ల స్టాండు ఉంచుకున్నా, అందులో రోజూ వాడే నాలుగైదు గరిటెలు, అట్లకాడ, పటకారు ఉంటే చాలు.

పొయ్యికి అటూ ఇటూ

పొయ్యి పక్కన పెట్టే వస్తువుల విషయంలో సౌకర్యం కంటే ముందు నిప్పును గుర్తుంచుకోవాలి. పొయ్యికి రెండు వైపులా కనీసం ఒక అడుగు మేర ప్లాస్టిక్ డబ్బాలు, నూనె ప్యాకెట్లు, వార్తాపత్రికలు, వేలాడే గుడ్డలు ఉండరాదు. పొయ్యి వెనక గోడకు ఆనించి సీసాలు వరుసగా పేర్చడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది, అది అన్నిటికంటే ప్రమాదకరం. ఆ సీసా అందుకోవాలంటే మండుతున్న మంట మీదుగా చేయి చాపాలి, చీర కొంగో చున్నీయో దానితో పాటు వెళుతుంది. మసిగుడ్డకు పొయ్యి పక్క గోడకు, మంటకు దూరంగా, ఒక కొక్కెం కొట్టించుకోవాలి. గ్యాసు పైపు మొదటి నుంచి చివరి దాకా కంటికి కనిపించేటట్టు ఉండాలి. సురక్షా పైపును 5 ఏళ్ళకొకసారి మార్చాలి, దాని మీద తేదీ ముద్రించి ఉంటుంది. ఆ పైపు డబ్బాల వెనక దాగిపోతే తేదీ ఎవరూ చూడరు, పగుళ్ళూ చూడరు. గట్టు కింద బండ ఉన్నచోట రెగ్యులేటరుకు అడ్డంగా ఉల్లిపాయల బుట్ట, చీపురు వంటివి పెట్టకూడదన్నదీ అందుకే.

నూనె మీద మన వాళ్ళకు ఒక అలవాటు ఉంది. లీటరు డబ్బా, ఒక్కోసారి ఐదు లీటర్ల డబ్బా, పొయ్యి పక్కనే స్థిరంగా ఉండిపోతుంది. వేడి, వెలుతురు, గాలి మూడూ నూనెను పాడుచేస్తాయి. పొయ్యి పక్కన అవి మూడూ దొరుకుతాయి. వేరుశనగనూనె కమ్మదనం పోయి సిక్కు వాసన పట్టడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. అరలీటరు పట్టే స్టీలు నూనె గిన్నె, ముక్కు ఉన్నది, ఒకటి కొనుక్కొని వారానికొకసారి నింపుకుంటే సరిపోతుంది. నింపే ముందు దాన్ని కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, పాత నూనె మీద కొత్త నూనె పోయరాదు. ఆ గిన్నె కింద ఒక చిన్న స్టీలు పళ్ళెం ఉంచితే కారిన చుక్క గట్టుకు అంటదు.

పోపుల పెట్టె బయట ఉండవలసిన వస్తువే. దాని చుట్టూ చేరే మిగతా పొడులతోనే ఇబ్బంది. పసుపు, కారం వెలుతురుకు రంగు వెలుస్తాయి, ఆవిరికి ఉండకడతాయి. గాజు సీసాల్లో పొడులన్నీ కనిపించేటట్టు వరుసగా పెట్టుకోవడం చూడడానికి బాగుంటుంది, కానీ పూర్ణా మార్కెట్లో నాణ్యం చూసి కొని ఆడించిన కారం నాలుగు నెలలకే ఇటుకపొడి రంగుకు దిగడం నేను చూశాను. మూత గట్టిగా పట్టే స్టీలు పోపుల పెట్టెలో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి ముక్కలు, పసుపు పది రోజులకు సరిపడా వేసుకొని, తక్కినదంతా చీకటి అరలో ఉంచాలి. ఇంగువను వేరే చిన్న డబ్బాలో పెట్టకపోతే పెట్టె అంతా ఇంగువ వాసనే. ఉడుకుతున్న గిన్నె మీద పెట్టె మూత తీసి పట్టుకొని పోపు వేయడం వల్లనే సగం చెమ్మ చేరుతుంది. ఆవాలు చెంచాతో తీసి, మూత పెట్టి, అప్పుడు మూకుడు దగ్గరికి రావాలి. టీ పొడికీ, కాఫీ పొడికీ కూడా పొయ్యి పక్క చోటు మంచిది కాదు, అక్కడ సువాసన నిలవదు.

మా ఇంట్లో గట్టు ఖాళీ చేసిన రోజున మా అత్తగారు కాసేపు ఏమీ అనలేదు. తరవాత వంటింటి గుమ్మంలో నిలబడి, “అన్నీ పైకెక్కించేశావు, బాగానే ఉందమ్మా. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నీ ఉన్నప్పుడు చారులోకి పోపు కావాలంటే స్టూలెక్కమంటావా?” అని అడిగారు. ఆవిడకు భుజం నొప్పి, చేయి తల ఎత్తు దాటి లేవదు. నేను గీతలు లెక్కపెట్టానే గాని ఆ గీతలు ఎవరి చేతివో చూడలేదు. పగలంతా ఆ వంటింట్లో మసలేది ఆవిడ. ఆ రోజే పోపుల పెట్టె, టీ పొడి డబ్బా, పంచదార డబ్బా ఆవిడ చేతికి అందే ఎత్తులో, గట్టుకు ఎడమ చివర, పొయ్యికి దూరంగా చేర్చాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే జాబితా వాళ్ళతో కూర్చొని రాయండి. నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉన్న చోటు వాళ్ళకు చెందాలి, స్టూలు అవసరమయ్యే అరలు వయసులో ఉన్నవారివి కావాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో దీనికి తోడు మరొక జాగ్రత్త ఉంది: గట్టు అంచు నుంచి జానెడు లోపలి దాకా చాకు, వేడి గిన్నె, కిందికి వేలాడే కరెంటు తీగ ఉండకూడదు, పొయ్యి మీది గిన్నెల కాడలు లోపలి వైపుకు తిరిగి ఉండాలి.

మిక్సీ, గ్రైండరు, తక్కిన కరెంటు వస్తువులు

మిక్సీని వాడాక లోపల పెట్టాలా, బయటే ఉంచాలా అన్న ప్రశ్నకు నా సమాధానం బయటే ఉంచాలని. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి, ఆవ పెట్టిన కూరకు ఆవముద్ద ఇలా మన వంటలో అది రోజుకొక్కసారైనా తిరుగుతుంది. నాలుగైదు కిలోల వస్తువును రోజూ కింది అలమరలోంచి వంగి ఎత్తడం నడుముకు మంచిది కాదు. నాలుగు రోజులు పోయాక ఎవరూ ఎత్తరు, పచ్చడే మానేస్తారు. అయితే మిక్సీ చోటును స్విచ్‌బోర్డు చూసి నిర్ణయించాలి. తీగ పొయ్యి మీదుగా గాని, సింకు మీదుగా గాని వెళ్ళకూడదు. సింకు తుంపర పడనంత దూరంలో, గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా పెట్టాలి. జారులు మాత్రం బయట అక్కరలేదు. రోజూ వాడే చిన్న జారు ఒక్కటి మిక్సీ పక్కన బోర్లించి, పెద్దవి రెండూ పైఅరలో మూత తీసి పెట్టుకోవాలి. మూత బిగించి పెట్టిన జారులో మన చెమ్మకు రెండు రోజుల్లో వాసన పుడుతుంది. మిక్సీకి గుడ్డ తొడుగు వేసేవారు అది తడిగా ఉన్నప్పుడు వేయరాదు, వారానికొకసారి ఉతకాలి. వారానికొకసారి మిక్సీని ఎత్తి, అడుగున తుడిచి, దానిలో చేరిన పచ్చడి తడిని ఆరబెట్టడం తప్పనిసరి; చీమలకూ బొద్దింకలకూ మొదటి చిరునామా ఆ అడుగుభాగమే.

వెట్ గ్రైండరు రాతి బరువుతో పది కిలోలకు పైనే ఉంటుంది, వారానికి రెండుసార్లే కావాలి. దానికి గట్టు మీద చోటివ్వడం నాకు సమ్మతం కాదు. చక్రాలున్న చిన్న బల్ల చేయించి, ప్లగ్గు అందేచోట, నేలకు దగ్గరగా ఉంచుకుంటే ఎవరూ ఎత్తనక్కరలేదు. మైక్రోవేవ్‌కు వెనకా పైనా గాలి ఆడాలి కనుక, దాని మీద డబ్బాలు పేర్చి అదొక అలమరగా చేసుకోకూడదు. వీలుంటే గోడ బ్రాకెట్టు మీదికి ఎక్కించడమే మంచిది. టోస్టరు, జ్యూసరు వంటివి పది రోజుల కాగితం మీద మూడు గీతలైనా సంపాదించుకోకపోతే లోపలికి పోవలసిందే.

సింకు పక్క

ఈ ఊళ్ళో బొద్దింకల బెడదకు ముఖ్య కారణం రాత్రి వేళ గట్టు మీద నిలిచే నీరు. అవి తిండి లేకుండా చాలా రోజులు ఉండగలవు, నీళ్ళు లేకుండా అన్ని రోజులు ఉండలేవు. కాబట్టి గిన్నెల బుట్టను గట్టు మీద శాశ్వతంగా ఉంచడం కంటే, సింకు పైన గోడకు బిగించిన స్టీలు స్టాండు మేలు. కారే నీరు నేరుగా సింకులో పడుతుంది, ఒకటిన్నర అడుగు గట్టు కూడా కలిసివస్తుంది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టే వీలు లేనివారు, కింద పళ్ళెం ఉన్న బుట్టను తీసుకొని ఆ పళ్ళెంలో నీటిని రాత్రి తప్పకుండా పారబోయాలి. గిన్నెలు తోమే సబ్బు, పీచు ఒక చిల్లుల గిన్నెలో సింకు అంచున ఉంటే చాలు. ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, చీమలమందు గట్టు మీద ఏ పరిస్థితిలోనూ ఉండకూడదు, తినే వస్తువులున్న అలమరలోనూ ఉండకూడదు.

మంచినీళ్ళ బిందెకు గట్టు చివర చోటిచ్చేవారు దాని కింద ఒక పీట వేస్తే అడుగున చెమ్మ నిలవదు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యానును గట్టు మీదికి ఎత్తడం కంటే నేల మీద స్టాండులో ఉంచుకోవడం సుఖం.

తినే వస్తువులు

రైతుబజారు నుంచి సంచి తెచ్చి గట్టు మీద పెట్టి, రెండు రోజుల దాకా అలాగే వదిలేయడం మన అలవాట్లలో ఒకటి. బంగాళాదుంపలు వెలుతురు తగిలితే ఆకుపచ్చబడతాయి, ఆ భాగం తినకూడదు. వాటికి చీకటి కావాలి. ఉల్లిపాయలకు గాలి కావాలి, గట్టు కింద తీగ బుట్టలో విడిగా ఉంచాలి. అరటిపళ్ళు తమ దగ్గర ఉన్న పళ్ళనూ కాయగూరలనూ కూడా తొందరగా పండిస్తాయి, అందుకని వాటిని కొక్కానికి వేలాడదీయడం మంచి పద్ధతి. బెల్లం మాత్రం ఎవరు ఎంత అడిగినా గట్టు మీద వద్దనే చెబుతాను. అనకాపల్లి పక్కనే ఉంది కనుక మన ఇళ్ళలో బెల్లానికి కొదవ లేదు, వానాకాలంలో అది బయట ఉంటే రెండు రోజుల్లో పాకంలా జారి డబ్బా చుట్టూ చీమల బారు కడుతుంది. ఆవకాయ పెద్ద జాడీ చీకటి అరలో ఉండాలి. వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీసుకొని బయట ఉంచుకోవచ్చు, అందులో తడి గరిటె పెట్టకుండా ఉంటే.

వండిన పదార్థాల విషయంలో గట్టు ఒక మజిలీ మాత్రమే. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, మన వంటిల్లు ఏడాది పొడవునా ఆ హద్దుల మధ్యే ఉంటుంది. అన్నం, పప్పు, పాలు రెండు గంటలకు మించి గట్టు మీద ఉంచకుండా, చల్లారగానే ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

మందులు, తాళాలు, ఫోను చార్జరు, బిల్లులు, పెళ్ళి కార్డులు గట్టు మీద ఉండడానికి ఏ కారణమూ లేదు. మందులు వేడికీ చెమ్మకూ గుణం కోల్పోతాయి కనుక వాటిని ఆ రోజే తీసేయండి. తక్కినవాటికి గుమ్మం దగ్గర ఒక బుట్ట పెడితే అవే అక్కడికి చేరతాయి.

రోజు మారితే, రుతువు మారితే

ఆదివారం మన ఊళ్ళో చేపల రోజు. ఫిషింగ్ హార్బరు నుంచో జాలారిపేట నుంచో వంజరమో రొయ్యలో తెచ్చిన పూట, సింకు పక్కన సుద్దగీతల మధ్య ఉన్న ఆ రెండడుగులూ పూర్తిగా కావాలి. చేప కడిగే ముందే రోలు, ఉప్పు జాడీ, చెంచాలు అవతలికి జరపాలి. పచ్చి చేప నీళ్ళు పడినచోట మరేదీ ఉండరాదు. ముక్కలకు ఉప్పూ పసుపూ కారమూ పట్టించి పక్కన పెట్టాక, గట్టును సబ్బుతో కడిగి, ఆరాకే ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాలి. తెల్ల పాలరాయి గట్టు ఉన్నవారు పులుసుకు చింతపండు పిసికేటప్పుడు ఒక పళ్ళెం అడుగున వేసుకోవాలి, చింతపండు, నిమ్మరసం వంటి పులుపు పాలరాయిని తిని మెరుపు లేని మచ్చలు చేస్తుంది. గ్రానైట్‌కు ఆ భయం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరం దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. మిక్సీ ఒక బరువుగా మిగిలి, మూల ఉన్న రాతి రోలే ఇంటిల్లిపాదికీ పచ్చడి నూరింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ అక్టోబరు, నవంబరు నెలల్లో మా గట్టు మీద మూత ఉన్న డబ్బాలో అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, ఒక టార్చిలైటు చేరతాయి. ఆ రెండు నెలలూ వాటికి చోటివ్వడం కోసం కాఫీ సామాను లోపలికి పోతుంది. డిసెంబరు రాగానే ఆ డబ్బా తిరిగి అలమరలోకి వెళుతుంది.

ఇలా కాలాన్ని బట్టి వచ్చే వస్తువులకు రావడానికి ఒక తేదీ ఉన్నట్టే వెళ్ళడానికీ ఒక తేదీ ఉండాలి. వేసవిలో ఆవకాయ కలిపే రెండు రోజులు గట్టంతా ఆవపిండికీ కారానికీ ఇవ్వవలసిందే, మూడో రోజున జాడీలు వాటి అరకు చేరాలి. సంక్రాంతికి ముందు వారం అరిసెల చెక్కలు, జంతికల గొట్టం, పెద్ద బాణలి అటక దిగి గట్టెక్కుతాయి. కనుమ మర్నాడు జంతికల గొట్టం విప్పి, లోపలి పిండి బ్రష్షుతో కడిగి, ఒక పూట ఎండబెట్టి, అటక మీదికి పంపించి, సుద్దగీతలు చెరిగిపోయి ఉంటే మళ్ళీ గీయండి.